ఈరమ్మ చెలమ దగ్గర పలికిన దేవుడు

రెండు గుట్టల మధ్య ఒక వాగు ఉండేది. వాగంటే వానాకాలంలో వాగు, మిగతా రోజుల్లో వట్టి ఇసుక. ఎండలు ముదిరాక ఆ ఇసుకలో ఓపిగ్గా గుంట తవ్వుకున్నవాళ్ళకే నీళ్ళు. ఆ గుంటను చెలమ అంటారు. చెలమలో నీళ్ళు తీరిగ్గా ఊరతాయి. ఒకరు తాగితే ఇంకొకరు పక్కన కూర్చుని ఎదురుచూడాలి. అందుకే ఆ గుట్టల్లో ఎవరి గుణం ఏమిటో తెలుసుకోవాలంటే ఎండాకాలంలో చెలమ దగ్గర కూర్చుని చూస్తే సరిపోయేది.

ఆ చెలమను తవ్వింది ఈరమ్మ అనే ముళ్ళపంది. తవ్వింది తనే అయినా అందులో ఆఖరున తాగేది కూడా తనే. సాయంత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, అంచున ఆగి, తల వంచి, తోక ముళ్ళు సన్నగా గలగలమనేట్టు ఆడించేది. "నీళ్ళిచ్చినావు, చాలు" అనేది. తర్వాత వెనక్కి తిరిగి, ఎవరికి దప్పిక ఎక్కువగా ఉంటే వాళ్ళు ముందు రమ్మనేది. రోజూ ఇదే వరస.

ఒకసారి కుక్కలు తరిమితే పరిగెత్తుకొచ్చిన కుందేలొకటి పిల్లలకంటే ముందు తాగింది. పిల్లలు అలిగారు. "దానికి నాలుక బయటికొచ్చింది. మీకు మూతులే బయటికొచ్చినాయి" అని ఈరమ్మ నవ్వింది. ఆ రోజు ఆమె వంతుకు బురదే మిగిలింది. ఆ బురదనే నాకి, మళ్ళీ ఒకసారి తోక గలగలమనిపించి ఇంటికి నడిచింది.

ఆమెకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు ఓబన్న, ఒళ్ళంతా బారెడు ముళ్ళు, ఆ ముళ్ళకు తగ్గ దర్జా. రెండోది సుంకమ్మ. దీనికి నోట్లో దుంప ఉన్నంతసేపే మౌనం, అది మింగిందంటే ప్రశ్న. ఆఖరివాడు బుడ్డోడు. వాడి ముళ్ళు ఇంకా గట్టిపడలేదు, ముట్టుకుంటే గడ్డిలా వంగేవి.

సుంకమ్మ ఒక సాయంత్రం అమ్మను పట్టుకుంది.

"అమ్మా, నీళ్ళిచ్చినావు అంటావే, ఎవరితో అంటావు?"

"ఇచ్చినోడితో."

"ఆయన ఎట్లుంటాడు?"

"నేను చూడలేదు."

"చూడకుండా ఎట్ల తెలుసు ఆయన మంచోడని? నీకెప్పుడైనా పలికినాడా?"

ఈరమ్మ పిల్లను చెలమ వైపు నెట్టింది. "ముందు తాగు. నోరెండిపోయి మాట్లాడతా ఉండావు" అంది. అది జవాబు కాదని సుంకమ్మ అప్పుడు అనుకుంది. అనుకుని, అప్పటినుంచి అమ్మ ఏం చేస్తుందో మరీ శ్రద్ధగా చూడడం మొదలుపెట్టింది. నోటితో చెప్పని జవాబు ఎక్కడైనా దొరుకుతుందేమోనని దాని ఆశ.

ఎండాకాలం మొదట్లోనే ఈరమ్మ ముసలితనంతో కన్నుమూసింది. పలకరించడానికి పక్క రాళ్ళ సందున ఉండే ఉడుము గంగన్న వచ్చాడు. పరామర్శకని వచ్చాడు గానీ అతని చూపంతా బొరియ మూలల్లో తిరిగింది. ఇంతకీ అమ్మ మీకేం పెట్టిపోయిందని అడిగేశాడు. బొరియ వానకు కారేదే. అందులో ఉన్నవి నాలుగు ఎండు దుంపలూ, ఈరమ్మ ఒంటినుంచి రాలిన ముళ్ళూ. ఓబన్న మాత్రం రొమ్ము విరుచుకున్నాడు.

"అమ్మ భక్తి పెట్టిపోయింది మామా. దాన్ని నేను నిలబెడతా."

నిలబెట్టాడు కూడా. అట్లా ఇట్లా కాదు. తోక ఏ వైపు తిరిగి ఆడించాలో, గలగల ఎంత సన్నగా ఉండాలో, తల ఎంత వంచాలో అన్నిటికీ పద్ధతి పెట్టాడు. బుడ్డోడి ముళ్ళు మెత్తనివి కాబట్టి గలగలమనేవి కావు. భక్తి లేదంటూ వాణ్ణి రోజూ కసిరేవాడు. సుంకమ్మ నోరు తెరిస్తే, అమ్మకు లేని అనుమానాలు నీకెందుకని మూయించేవాడు.

ఇంతలో ఎండలు మండిపోయాయి, చెలమలో నీళ్ళు తగ్గాయి. ఓబన్న ఒకరోజు మొక్కు పూర్తిచేసి, తనే ముందు తాగేశాడు. మిమ్మల్ని కాపాడవలసినవాణ్ణి నేను, నాకు ఒంట్లో సత్తువ ఉండాలి కదా అన్నాడు. మాట సబబుగానే ఉంది. మర్నాడూ అంతే. ఆ తర్వాత అదే అలవాటైంది. బుడ్డోడి వంతు వచ్చేసరికి చెలమలో తడి మాత్రమే ఉండేది. మొక్కు మాత్రం ఒక్క గలగల తగ్గకుండా జరిగిపోతూ ఉండేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అవతలి గుట్టల్లో నీళ్ళెండిపోయి శేషప్ప అనే నక్క ఇటు వలస వచ్చింది. కొత్త ఊళ్ళో ఎవరెవరు ఏమిటో పొదల చాటునుంచి చూసుకుంది. ముళ్ళపందుల జోలికి పోకూడదని దానికి తెలుసు, తన తల్లి మూతికి గుచ్చుకున్న ముల్లే దానికా పాఠం చెప్పింది. కానీ బుడ్డోడి మెత్తటి ముళ్ళను చూసేసరికి నోట్లో నీళ్ళూరాయి. చిక్కల్లా ఒకటే, అన్నా అక్కా వాణ్ణి మధ్యలో పెట్టుకుని నడుస్తారు. వాళ్ళంతట వాళ్ళే వాణ్ణి వదిలిపెట్టి పోవాలి. అట్లా ఎవరు వదులుతారు?

ఒక సాయంత్రం సుంకమ్మ అడగనే అడిగింది. "అన్నా, రోజూ మనమే మాట్లాడతాము. ఒకరోజైనా ఆయన పలకడా?"

అడిగిన దానికి ఓబన్న నుంచి తిట్లు దొరికాయి. పొదలో ఉన్న శేషప్పకు మాత్రం దారి దొరికింది.

చెలమకు ఎదురుగా పెద్ద రాతిగుండు ఒకటి ఉంది. దాని కింద ఇరుకు సొరంగం, దానికి ఒకటే వాకిలి. మర్నాడు పొద్దు వాలకముందే శేషప్ప అందులో దూరి కూర్చుంది. ముగ్గురూ వచ్చి మొక్కడం పూర్తికాగానే గుండు కింద నుంచి గొంతు లేచింది.

"ఈరమ్మ బిడ్డలారా, మీ భక్తికి మేము మెచ్చితిమి."

దేవుళ్ళు ఇట్లాగే మాట్లాడతారని శేషప్ప ఎక్కడ విన్నదో తెలియదు గానీ, ఓబన్నకు అది చాలింది. నాలుగు కాళ్ళూ చాపి నేలమీద పడిపోయాడు. ఓబన్న వంటి భక్తుణ్ణి ఈ గుట్టల్లో చూడలేదనీ, అతని తోక గలగల మేఘాలదాకా వినిపించిందనీ ఆ గొంతు బోలెడు పొగిడింది. ఆ రోజుకు అంతే.

ఇంటికి వెళ్తుంటే ఓబన్న కాళ్ళు నేలమీద ఆనలేదు. అమ్మకు కూడా పలకని దేవుడు తనకు పలికాడు. సుంకమ్మకూ సంతోషమే, అబద్ధం ఎందుకు. ఇన్నాళ్ళ ప్రశ్నకు జవాబు దొరికినట్టే కదా. అయితే ఆ సంతోషంలో ఎక్కడో ఒక నలుసు. అమ్మ చెలమ దగ్గర నిలబడినప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళకు ధైర్యంగా ఉండేది. ఈ గొంతు విన్నప్పుడు బుడ్డోడు అక్క కాళ్ళ మధ్యకు దూరాడు. ఎందుకు దూరాడా అని దారిపొడుగునా ఆలోచించింది.

మర్నాడు సాయంత్రం గొంతు మళ్ళీ పలికింది. ఈసారి అసలు సంగతికి వచ్చింది.

"నీళ్ళు తగ్గుచున్నవి. ముగ్గురికి చాలవు. చిన్నవాడు మీకు బరువు. వానిని ఈ వాకిట విడిచి వెనుదిరిగి చూడక పొండు. వాని భారము మాది."

బుడ్డోడు అక్క కడుపు కిందికి దూరిపోయాడు. ఓబన్న తమ్ముడిమీద ప్రేమ లేనివాడు కాదు. కానీ దేవుడు పలికాడు, పలికి అడిగాడు, ఇప్పుడు కాదంటే అమ్మ నిలబెట్టిన భక్తి తన చేతుల్లో కూలిపోదా? "దేవుడి మాట" అన్నాడు మెల్లగా, ఎవరి ముఖమూ చూడకుండా. "ఆయన చూసుకుంటా అంటా ఉండాడు గదా సుంకమ్మా."

సుంకమ్మ ముందుకు నడిచి గుండు ఎదుట తల వంచింది.

"స్వామీ, నీకు మా అమ్మ తెలుసా?"

"తెలియకేమి. నిత్యము మాకు మొక్కినది."

"ఒకే ఒక సంగతి అడుగుతా, కోపం పడొద్దు. మొక్కినాక, ఈ చెలమలో మా ఇంట్లో ముందు ఎవరు తాగేవాళ్ళు?"

లోపల శేషప్ప తడుముకోలేదు. పొదల్లో కూర్చుని ఇన్ని సాయంత్రాలు చూసిన సంగతే కదా.

"ఇంటికి పెద్ద ముందు తాగవలెను. మీ తల్లి అట్లే తాగెడిది. అదియే మా ఆజ్ఞ."

బుడ్డోడు కూడా తల బయటికి పెట్టి చూశాడు. సుంకమ్మ అన్నవైపు తిరిగింది. ఓబన్నకు అర్థమైంది. ఆ గొంతుకు అమ్మ తెలియదు. ఆ గొంతుకు తెలిసింది తనే.

సుంకమ్మ మళ్ళీ గుండువైపు తిరిగి ఎంతో వినయంగా మాట్లాడింది. "స్వామీ, ఇన్నాళ్ళకు మా గడప తొక్కినావు. మా ఇంట్లో ఒక మర్యాద ఉండాది. లోపల విలువైనది ఉంటే అమ్మ వాకిట్లో అడ్డంగా పడుకుని కాపలా కాసేది. నిన్నట్ల వదిలేసి పోతే మాకు పాపం. ఈ రేయి మా అన్న నీకు కాపలా ఉంటాడు."

ఓబన్నకు రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. గిరుక్కున తిరిగి, వెనక్కి వెనక్కి నడిచి, సొరంగం వాకిట్లో ఒళ్ళు ఇరికించి ముళ్ళన్నీ నిక్కించాడు. లోపల చీకటిపడింది.

"కాపలా మాకేల" అంది గొంతు, కొంచెం తొందరగా. "అదియునుగాక, కాపలా యన్నచో ముళ్ళు బయటికి ఉండవలె గదా. లోపలికి పెట్టితివేల?"

"అమ్మ మా ముఖాలు చూస్తా పడుకునేది స్వామీ" అంది సుంకమ్మ. "నీ ముఖం మేము చూడగలమా? కళ్ళు పోవూ?"

రాత్రంతా అట్లాగే గడిచింది. అన్న అలసిపోతే చెల్లెలు వెన్ను పెట్టింది. తెల్లవారేసరికి దేవుడు వరాలిస్తానన్నాడు. ఏమీ వద్దన్నారు. ఎండ ఎక్కేసరికి శపిస్తానన్నాడు. నీ ఇష్టం స్వామీ అన్నారు. నడిమధ్యాహ్నం గుండు కాలి పెనమైంది. లోపలినుంచి వచ్చే భాషలో కూడా మార్పు కనిపించసాగింది.

"భక్తా, కొన్ని నీళ్ళు తెమ్ము."

"దేవుడికి దప్పికేమిటి స్వామీ?"

"దప్పిక గాదు... పూజకు."

"పూజకు సాయంత్రం తెస్తాము. అమ్మ పద్ధతి సాయంత్రమే."

పొద్దు వాలుతుండగా ఉడుము గంగన్న నీళ్ళకు వచ్చాడు. ఈ వింత కాపలా చూసి సంగతేమిటని అడిగాడు. సుంకమ్మ జవాబు చెప్పేలోపే లోపలినుంచి చిరిగిపోయిన గొంతొకటి వినిపించింది.

"దేవుణ్ణి గాదు తల్లీ. నక్కను. శేషప్ప అంటారు. గొంతు పిడచ కట్టుకపోయింది. పానం పోతాంది."

గంగన్న నాలుక చాపి గాలిని రుచి చూశాడు. నక్కే. సుంకమ్మ జరిగింది చెప్పగానే, పిల్లవాణ్ణి తినడానికి దేవుడి వేషం కట్టినవాణ్ణి అక్కడే ఎండిపోనివ్వండి, ఇంకొక పూట ఓపిక పట్టండి, గుట్టకు పీడ వదులుతుంది అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. ఓబన్న ఇంకాస్త బిగదీసుకుని కూర్చున్నాడు.

సుంకమ్మకు మాత్రం ఒక ప్రశ్న మిగిలింది. దానికి ఎప్పుడూ ఒకటి మిగిలే ఉంటుంది.

"మా అమ్మ ముందు తాగేదని నీకెవరు చెప్పినారు?"

"ఎవరు చెప్పాల? మీ అన్నను చూసినా గదా రోజూ" అంది నక్క. "మొక్కడం అమ్మ దగ్గర నేర్చినాడు, తాగడం కూడా అమ్మ దగ్గరే నేర్చింటాడు అనుకున్నా."

ఆ మాటకు ఓబన్న ఒంటిమీద నిక్కిన ముళ్ళు ఒక్కటొక్కటే వాలాయి. అంతసేపు ఎండలో నిలబడినప్పుడు లేని నీరసం అప్పుడొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నక్క తనను మోసం చేసినందుకు కాదు. అమ్మను ఒక్కసారైనా చూడనివాడికి తనను చూపించి, ఇదే మా అమ్మ అని చెప్పినట్టయిందే అని.

చెలమలో ఆ పూట ఊరినన్ని నీళ్ళు ఊరాయి. ఎవరూ ముందుకు పోలేదు. ఓబన్న అక్కడినుంచే తల వంచి తోక ఆడించాడు. "నీళ్ళిచ్చినావు, చాలు" అన్నాడు. మామూలుగా ఆ తర్వాత తనే అంచుకు నడిచేవాడు. ఈసారి నడవలేదు.

బుడ్డోడు అడిగాడు. "అన్నా, ఇప్పుడు అందరికంటే దప్పిక ఎవరికి ఎక్కువ?"

జవాబు అందరికీ తెలుసు. చెప్పడమే కష్టం. గంగన్న ఇది మరీ విడ్డూరమన్నాడు. మీ అమ్మ కుందేలుకు ఇచ్చింది, బాగుంది, ఇది నక్క కదా అన్నాడు. సుంకమ్మకు కూడా మనసొప్పలేదు. తమ్ముణ్ణి తినబోయినవాడి మీద జాలి దానికి ఏ మూలా లేదు. కానీ అమ్మ మాట ఎట్లా గుర్తుతెచ్చుకున్నా, దప్పిక ఎక్కువున్నవాడు అనే ఉంది. మంచివాడు అని లేదు.

ఓబన్న వాకిట్లోంచి లేచాడు. బుడ్డోణ్ణి తన వెనక్కి తీసుకున్నాడు. మరోపక్క సుంకమ్మ నిలబడింది. ఇద్దరూ ముళ్ళు నిక్కించి, చెలమదాకా దారి వదిలారు.

"రా శేషప్పా" అన్నాడు ఓబన్న. "ముందు నువ్వు తాగు."

నక్క పాకుతూ బయటికొచ్చింది. ఇది తనను పొడవడానికి వేసిన ఎత్తేమోనని అటూ ఇటూ చూసింది. దాని బుర్రలో అంతకంటే వేరే లెక్క లేదు. ఎవరూ కదలకపోయేసరికి మూతి నీళ్ళలో పెట్టి తాగింది. తాగుతూ తాగుతూ సగంలో ఆగి, వెనక నిలబడినవాళ్ళను చూసి, మిగిలినవి వదిలేసింది. నక్క జీవితంలో ఏదైనా సగం వదలడం అదే మొదలని గంగన్న తర్వాత చాలాకాలం చెప్పుకున్నాడు.

పోతూ పోతూ నక్క రాళ్ళ దగ్గర నిలబడింది. "అడిగినానని ఏమీ అనుకోవద్దు. మీయమ్మ నిజంగానే ఆఖరున తాగేదా?"

"బురద మిగిలితే బురదే" అంది సుంకమ్మ.

నక్క తల ఊపి, తోక ముడుచుకుని అవతలి గుట్టలవైపు వెళ్ళిపోయింది. ఈ వాగు దరిదాపుల్లో మళ్ళీ కనిపించలేదు. దేవుళ్ళ వేషం కట్టడం మానిందో లేదో మనకు తెలియదు. ముళ్ళపందుల దగ్గర మాత్రం కట్టి ఉండదు.

తర్వాత బుడ్డోడు తాగాడు, ఆ తర్వాత గంగన్న, ఆ తర్వాత సుంకమ్మ. ఓబన్న వంతు వచ్చేసరికి అడుగున తడి ఇసుక మిగిలింది. దాన్ని నాకి తల ఎత్తాడు. మూతికంతా బురద. ఆ బురద మూతినే సుంకమ్మ చూసింది. అచ్చం అమ్మ.

"ఈ రోజు ఎవరూ పలకలేదే అక్కా" అన్నాడు బుడ్డోడు.

"లేదు" అంది సుంకమ్మ. చాలాకాలంగా తిరుగుతున్న ప్రశ్న ఒకటి దానిలో మెల్లగా సర్దుకుంది. "ఆయన ఎట్లుంటాడో అమ్మ కూడా చూడలేదు. మనం అమ్మను చూసినాం గదా. అందుకే ఆ దొంగ గొంతును పట్టుకున్నాం."

ఇంటిదారి పట్టారు. సగం దూరం పోయాక, నీళ్ళు ఇసుకలోకి ఎక్కడినుంచి వస్తాయని సుంకమ్మ అడగడం మొదలుపెట్టింది. ఓబన్న కసరలేదు. తనకూ తెలియదన్నాడు.

తల్లిదండ్రుల మొక్కులో మాటలు ఎవరైనా విని నేర్చుకోవచ్చు గానీ, వాళ్ళు మొక్కిన దేవుడు ఎటువంటివాడో వాళ్ళ నడత చూసిన బిడ్డలకే తెలుస్తుంది.